మన సరుకు మీద మన పేరు చెరగకూడదు
(లేజర్ ప్రింటర్‌తో లేబుళ్ల తయారీపై రైతు ఉత్పత్తిదారుల సంఘాల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మిర్చి టిక్కీ యార్డులో దిగిన తర్వాత అది ఎవరి చేలో పండిందో అడిగేవాడుండడు. అందుకే చాలా ఊళ్లలో సంఘాలు కారం పట్టించి, పసుపు కొట్టించి, గానుగ నూనె తీయించి సొంత పేరుతో అమ్ముకుంటున్నాయి. ఆ పేరు నిలబడేది ప్యాకెట్ మీద అంటించే చిన్న కాగితం ముక్క మీదే. తేదీ చెరిగిపోయినా, ధర కనబడకపోయినా దుకాణదారు సరుకు వెనక్కి పంపుతాడు. ఆహార భద్రతా చట్టం, 2006 ప్రకారం లేబుల్ సరిగా లేని సరుకుకు 3 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఒక సీజను కష్టమంతా అందులోనే పోతుంది.

లేజర్ ప్రింటర్‌లో ఉండేది ఇంకు కాదు, టోనర్ అనే పొడి. ఆ పొడిని కాగితం మీద పరిచి, సుమారు 200 డిగ్రీల వేడి రోలర్ కింద కరిగించి అతికిస్తుంది. అందుకే తడి తగిలినా అక్షరం కారిపోదు. మనకొచ్చే చిక్కులు కూడా ఆ వేడి వల్లనే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతావన్నీ తేలికగా అర్థమవుతాయి.

మొదటిది, షీట్లు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ‘లేజర్’ అని ఉందో లేదో చూడండి. ఇంక్‌జెట్ షీట్లు, మామూలు ప్లాస్టిక్ స్టిక్కర్లు ఆ వేడికి కరిగి రోలర్‌కు అంటుకుంటాయి. షీటు దగ్గర మిగిలిన పది రూపాయలు రిపేరు దగ్గర వేలవుతాయి.

రెండోది, సగం లేబుళ్లు ఊడదీసిన షీటును మళ్లీ పెట్టకండి. ఖాళీ చోట అంచులు లేచి లోపల ఇరుక్కుంటాయి. 24 లేబుళ్ల షీటులో కారానికి 12 చాలనుకుంటే మిగతా 12 పసుపుకు వేయండి. ఒకసారి వేడి తగిలిన షీటును రెండోసారి పంపితే జిగురు వదులుతుంది.

మూడోది, ప్రింట్ సెట్టింగుల్లో కాగితం రకం ‘లేబుల్స్’ అని పెట్టండి. అప్పుడు ప్రింటర్ జిగురు కాగితానికి తగిన వేడితో, వేగంతో నడుస్తుంది. మామూలు కాగితం సెట్టింగులో తీస్తే టోనర్ సరిగా అంటకపోవచ్చు. ప్రింటయ్యాక గోటితో గీకి చూడండి. పొడి రాలితే ఆ షీటు పనికిరాదు. వెనక తలుపు ఉన్న ప్రింటరైతే అది తెరిచి, చేత్తో పెట్టే ట్రే నుంచి పంపండి. షీటు వంపులు తిరగకుండా నేరుగా బయటికొస్తుంది.

నాలుగోది, సైజు 100 శాతం ఉండాలి. ‘ఫిట్ టు పేజ్’ అని ఉంటే తీసేయండి. నూటికి మూడు వంతులు కుదించినా 297 మిల్లీమీటర్ల ఏ4 పొడవు మీద దాదాపు 9 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కింది వరస అక్షరాలు పక్క లేబుల్ మీదికి పోతాయి. ముందు తెల్ల కాగితం మీద తీసి, లేబుల్ షీటు మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. గళ్లు కలిస్తేనే అసలు షీటు పెట్టండి.

షీటు ఇరుక్కుంటే ప్రింటర్ ఆపి, చల్లారాక, కాగితం నడిచే దిక్కుకే మెల్లగా లాగండి. చాకు, స్క్రూడ్రైవర్ లోపల పెట్టవద్దు.

ఇక లేబుల్ మీద ఏముండాలి? సరుకు పేరు, నికర బరువు, పన్నులన్నీ కలిపిన ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, సంఘం చిరునామా, ఫిర్యాదుకు ఫోను నంబరు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ముఖ్యమైనవి. 200 గ్రాముల కారం 90 రూపాయలైతే గ్రాము 45 పైసలని కూడా వేయాలి. శాకాహార గుర్తు ఆకుపచ్చలోనే ఉండాలి కాబట్టి నలుపు ప్రింటర్ ఉన్నవాళ్లు సంఘం పేరు, ఆ గుర్తు ముందే రంగుల్లో అచ్చేయించుకుని, తేదీ, ధర, బ్యాచ్ మాత్రం లేజర్‌లో వేసుకోవచ్చు. ఆ రంగు లేజర్ వేడికి తట్టుకోవాలని ప్రెస్సు వాళ్లకు ముందే చెప్పండి. నూనె సీసాకైతే నూనె పోయకముందే, పొడి సీసా మీద లేబుల్ అంటించండి. జిడ్డు మీద ఏ జిగురూ నిలవదు.

ఇందులో మన సంఘం పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలని నిబంధన. తెలుగు అదనం మాత్రమే. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తెలుగువాళ్లే అయిన ఊరి సంతలో తెలుగు లేబుల్ ఎందుకు చాలదు? స్థానిక అమ్మకాలకు రాష్ట్ర భాష చాలని నిబంధన మార్చాలని మనం అడగాలి. చిన్న సంఘాలన్నీ వాడుకునేలా ప్రతి మార్కెట్ యార్డులో ఒక ప్రింటరు, ఒక కంప్యూటరు పెట్టాలని కూడా అడగాలి. యార్డులో మన సరుకు మీద వసూలయ్యే సెస్సు సొమ్ముకు అది పెద్ద ఖర్చేమీ కాదు.

లేబుల్ అంటించినంత మాత్రాన గిట్టుబాటు ధర రాదు. దానికోసం పోరాటం సాగాల్సిందే. అయితే మన చేతులతో ప్యాక్ చేసిన సరుకైనా మన పేరుతో, చెరగని అక్షరాలతో కొనేవాళ్ల ఇంటికి చేరాలి. వచ్చే నెల సమావేశానికి ప్రతి సంఘం తన లేబుల్ ఒకటి తీసుకురండి. అందరం కలిసి గోటితో గీకి చూద్దాం.