గౌరవకాంక్షకు కొలబద్ద



ధాన్యము కొలుచుటకు పడి గలదు. గుడ్డకు గజము గలదు. పదిమందిలో పేరు పొందవలెనను కోర్కెను దేనితో కొలువవలెను? ఎవరినైనను నేరుగా అడిగినచో "పేరు నాకెందుకండీ!" అందురు. ఆ మాటను లెక్కకు తీసికొనినచో కొలత తప్పును.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనికొక యుపాయము పన్నిరి. ఒక చిత్రమును చూపి కథ వ్రాయుమందురు. తన్నుగూర్చి దాచువాడు కథలోని పాత్రను గూర్చి దాచడు. అమెరికా దేశీయుడు డేవిడ్ మెక్లెలండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఆరంభించినపుడు ఇట్టి కథలనే పరీక్షించెను. ఆయన వెదకినది పని చక్కగా సాధింపవలెనను తపన. పదిమంది మెచ్చవలెనను తపన వేఱు. రెండును ఒకే మనిషిలో నుండును గాన విడదీయుట కష్టము.

తిరుమలలో ఈ భేదము కంటికే కనబడును. ఆలయపు గోడలపై శాసనములు దాతల పేళ్లు చెప్పును. 1513లో తొలిసారి కొండకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు దేవేరులతో విగ్రహరూపమున నేటికిని చేతులు జోడించి నిలిచియున్నాడు. హుండీలో వేసిన కాసునకు మాత్రము పేరు లేదు. అట్లని పేరు చెక్కించినవారందఱును కీర్తికాముకులనుట అన్యాయము. ప్రసాదమున దాతకు రావలసిన నాలుగవ వంతునకు ఆ శాసనమే పత్రము!

గ్రంథాలయమునకు బీరువా యిచ్చి పేరు వ్రాయించిన దాత, పేరు వ్రాయరన్నచో ఎంత యిచ్చును? ఆ తగ్గుదలయే కొలత. ఈ రజతోత్సవమున పేళ్ల పట్టికను ఒక యేడును, పేరులేని పెట్టెను మఱుసటి యేడును ఉంచినచో, ఎవరిదెంతయో తెలియకున్నను, ఊరి మొత్తము లెక్క తేలును.