బూటు లేసు ముడి



పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు చూడండి. పిల్లలు బడికి పోతుంటారు. కొందరి బూట్ల లేసులు ఊడి నేల మీద ఈడుస్తుంటాయి. అది చిన్న విషయం కాదు. లేసు తొక్కితే పిల్లవాడు బోర్లా పడతాడు. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు వచ్చింది. స్టేషన్లలో కదిలే మెట్లు ఉన్నాయి. ఊడిన లేసు ఆ మెట్ల సందులో ఇరుక్కుంటే కాలికే ముప్పు. సైకిలు చైనులో చిక్కినా అంతే.

లేసు దానంతటదే ఎందుకు ఊడుతుంది? 2017లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు ఈ సంగతి పరీక్షించారు. పరుగెత్తేవారి బూటును కెమెరాతో తీసి, నిదానంగా చూశారు. అడుగు నేలను కొట్టినప్పుడల్లా ముడి అదిరి సడలుతుంది. కాలు ఊగినప్పుడు లేసు కొసలు ముడిని లాగుతాయి. ఊరికే కాళ్లు ఊపితే ఊడలేదు. ఉన్నచోటే అడుగులు వేస్తే ఊడలేదు. రెండూ కలిస్తేనే ఊడింది.

లంగా నాడా కట్టే చేతులకు, పూలమాల కట్టే చేతులకు ముడి కొత్తా? లేసు కట్టాక పైనుంచి చూడండి. ముడి రెక్కలు కుడికీ ఎడమకీ, బూటుకు అడ్డంగా ఉంటే ముడి మంచిది. ఒక రెక్క వేళ్ల వైపు, ఒకటి మడమ వైపు తిరిగితే అది కచ్చా ముడి. త్వరగా ఊడుతుంది. దాన్ని సరిచేయడం తేలిక. మొదటి ముడిలో కుడి లేసును ఎడమదాని మీదుగా వేస్తున్నారా? ఇక ఎడమదాన్ని కుడిదాని మీదుగా వేయండి. పై ముడి ఎప్పటిలాగే వేయండి.

లేసు ఎక్కువగా కన్నాల దగ్గరే అరుగుతుంది. లాగినప్పుడల్లా కన్నం అంచుకు ఒరుసుకుంటుంది. దుమ్ము చేరితే ఇసుక రేణువులు పోగులను కోస్తాయి. అప్పుడప్పుడూ లేసులు విప్పి సబ్బు నీళ్లలో ఉతకండి. పోగులు లేచి సన్నబడితే మార్చండి. లేసు తెగిందని బూట్లు పారేయకండి. లేసులు విడిగా దొరుకుతాయి.

కొస తొడుగు ఊడితే పోగులు విడిపోతాయి. నైలాన్ లేసు కొసను దీపం సెగకు ఒక్క క్షణం చూపితే కరిగి అతుక్కుంటుంది. ఈ పని పెద్దలే చేయాలి. వేడి కొసను తాకకూడదు. నూలు లేసు కాలిపోతుంది. దాని కొసకు దారం గట్టిగా చుట్టండి.

ఈ రాత్రే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక బూటుకు మీరు కట్టి చూపండి. రెండో బూటుకు వాళ్ల చేత కట్టించండి.