లాగని రింగు: వాలీ షిర్రా వ్యోమయానం



భౌతికశాస్త్రం బోధించిన ఒక గురువు స్మృతిలో జరుగుతున్న ఈ సభలో అమెరికా వ్యోమగామి వాలీ షిర్రా గురించి మాట్లాడాలనుకున్నాను. మెర్క్యురీ, జెమిని, అపోలో – ఈ మూడు రకాల నౌకల్లోనూ రోదసికి వెళ్లివచ్చింది ఆయనొక్కరే. గగారిన్, ఆర్మ్‌స్ట్రాంగ్ పేర్లు తెలిసినంతగా ఆయన పేరు మన పిల్లలకు తెలియదు. తెలియాలి.

షిర్రా 1923లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్. తల్లి విమాన ప్రదర్శనల్లో, గాలిలో ఎగురుతున్న విమానం రెక్క మీద నడిచిన సాహసి. షిర్రా కూడా నౌకాదళ పైలట్‌గా కొరియా యుద్ధంలో పాల్గొన్నారు. 1959లో నాసా ఎంపిక చేసిన తొలి ఏడుగురు వ్యోమగాముల్లో ఒకరయ్యారు. సాహసం ఆయనకు తల్లిదండ్రులిచ్చిన ఆస్తి. రోదసిలో ఆయన్ను గొప్పవాణ్ని చేసింది మాత్రం నిగ్రహం.

1962 అక్టోబరు 3న సిగ్మా 7 అనే మెర్క్యురీ నౌకలో ఆరుసార్లు భూమిని చుట్టారు. అంతకు కొన్ని నెలల ముందు తోటి వ్యోమగామి కార్పెంటర్ నౌకలో ఇంధనం అడుగంటింది; అది దిగాల్సిన చోటికి 400 కిలోమీటర్ల దూరాన పడింది. షిర్రా నౌకను చాలాసేపు దాని మానాన తేలనిచ్చి ఇంధనం పొదుపు చేశారు. పసిఫిక్‌లో తన కోసం వేచి ఉన్న ఓడకు చేరువలోనే దిగారు.

అసలు పరీక్ష 1965 డిసెంబరు 12న ఎదురైంది. జెమిని 6 ఇంజన్లు మండాయి. రెండు సెకన్లు తిరక్కముందే ఆరిపోయాయి. ఒక ప్లగ్గు ముందే ఊడటంతో, రాకెట్ లేచినట్టుగా లోపల గడియారం తిరగడం మొదలైంది. నిబంధన ప్రకారం రింగు లాగి, సీట్లతో సహా బయటికి దూకేయాలి. రాకెట్ అంగుళం లేచి కూలబడినా పేలిపోతుంది. కానీ అది కదలలేదని షిర్రా ఒంటికి తెలిసింది. రింగు లాగలేదు. ఆయనా, పక్కనున్న సహ వ్యోమగామి స్టాఫర్డూ క్షేమం, నౌకా దక్కింది.

మూడు రోజులకే అదే రాకెట్ మీద వెళ్లి, అప్పటికే కక్ష్యలో ఉన్న జెమిని 7ను కలుసుకున్నారు. రెండు నౌకల మధ్య దూరం ఒక దశలో అడుగుకు తగ్గింది. అంతరిక్షంలో నౌకను నౌక వెతికి కలుసుకోవడం అదే మొదలు. ఈ విద్య చేతికి రాకపోతే, చంద్రుడిపై దిగినవాళ్లు తిరిగి మాతృనౌకను చేరుకునే దారే లేదు.

1967 జనవరిలో అపోలో 1 నౌకలో చెలరేగిన మంటల్లో వ్యోమగాములు గ్రిసమ్, వైట్, చాఫీ చనిపోయారు. ఆ యాత్రకు ప్రత్యామ్నాయ బృందనాయకుడు షిర్రాయే. అందుకే 1968 అక్టోబరులో అపోలో 7ను నడిపినప్పుడు ఆయన ఎవరి మాటకూ తలవంచలేదు. జలుబుతో బాధపడుతూనే, ముందు నౌకను పరీక్షిద్దామని తొలి టీవీ ప్రసారాన్ని వాయిదా వేయించారు. మొండివాడన్నారు. నా దృష్టిలో అది బాధ్యత. పదకొండు రోజుల ఆ యాత్ర నౌకను నిరూపించింది కనుకనే, డిసెంబరులో అపోలో 8 చంద్రుడి దాకా వెళ్లగలిగింది.

షిర్రా చంద్రుడిపై కాలు పెట్టలేదు. అపోలో 7 తర్వాత నాసా నుంచి విరమణ పొంది, 2007లో కన్నుమూశారు. విద్యార్థులారా, మీలో రేపు యంత్రాలను నమ్మి మనుషుల ప్రాణాలు అప్పగించే పని చేపట్టేవాళ్లుంటారు. గడియారం ఒకటి చెబుతున్నా, పైవాళ్లు తొందరపెడుతున్నా, తెలిసిన నిజాన్ని పట్టుకుని నిలబడండి. ఆ నిలకడ చదువుతో వస్తుంది, సాధనతో వస్తుంది. షిర్రా జీవితం అందుకు సాక్ష్యం.