మిరప కల్లంలో సైన్సు పాఠం

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చదువు ముఖ్యమని ఈ వేదిక మీద చాలామంది చెప్పారు. అందుచేత నేను ఒక్క పాఠం తీసుకుంటాను. చిన్న తరగతుల సైన్సు పుస్తకంలో ఉండేదే: పదార్థము, దాని స్థితులు.

మా ఉర్దూ బడిలో పదార్థాన్ని 'మాద్దా' అంటాము. ఘనపదార్థం 'ఠోస్', ద్రవం 'మాయె', వాయువు 'గ్యాస్'. ఇదే పిల్లవాడు పై చదువుకు పోతే అక్కడ ఘన, ద్రవ, వాయు పదార్థాలంటారు, లేదా సాలిడ్, లిక్విడ్ అంటారు. మాట మారగానే వాడు బెదిరిపోతాడు. 'సైన్సు నా వల్ల కాదు' అనుకుంటాడు. ఆడపిల్లయితే ఆ వంకతో చదువు మానిపించే ఇళ్లు కూడా ఉన్నాయి. వాడికి రానిది మాట ఒక్కటే. వస్తువు తెలిసిన పిల్లవాడికి మూడు భాషల్లోనూ దాని పేరు నేర్పడం పెద్ద పని కాదు. మన గుంటూరు, ప్రకాశం పిల్లలకు ఈ పాఠంలోని వస్తువులన్నీ పుట్టినప్పటి నుంచీ తెలిసినవే.

ఘనపదార్థం ఏది అని అడిగితే పిల్లలు రాయి, ఇనుము అంటారు. పత్తి సంగతేమిటంటే ఆలోచనలో పడతారు. మెత్తగా ఉంది కదా! కారం పొడి నీళ్లలాగా గిన్నెలోకి జారుతుంది, మరి అది ద్రవమా? ఒక్క పోగు పత్తిని, ఒక్క రేణువు కారాన్ని తీసి చూడమనండి. దాని ఆకారం దానికుంది. గిన్నె మార్చినా మారదు. కనుక రెండూ ఘనపదార్థాలే. పత్తి మెత్తదనమంతా పోగుల మధ్య చేరిన గాలి వల్ల వచ్చింది. ప్రెస్సింగు మిల్లులో ఆ గాలిని బయటికి నొక్కేస్తేనే 170 కిలోల దూది ఒక్క బేలులో ఇముడుతుంది. గాలిని నొక్కవచ్చు, నీటిని అలా నొక్కలేము. ఇది వాయువుకూ ద్రవానికీ ఉన్న పెద్ద తేడా.

ఎందుకు ఈ తేడా? ప్రతి పదార్థమూ కంటికి కనపడని అణువులతో ఏర్పడింది. ఘనపదార్థంలో అవి గోడౌనులో నెట్టు కట్టిన బస్తాల్లాగా ఉంటాయి, ఉన్నచోటనే కొద్దిగా కదులుతాయి. ద్రవంలో సంతలో జనంలాగా ఒకరినొకరు రాసుకుంటూ జరుగుతుంటాయి. వాయువులో బడి గంట కొట్టిన తర్వాత పిల్లల్లాగా దొరికిన చోటికల్లా పరుగెడతాయి. వేడి ఇస్తే కదలిక పెరుగుతుంది, తీసేస్తే తగ్గుతుంది. పాఠమంతా ఇంతే.

ఇప్పుడు కల్లంలోకి వద్దాం. కోసిన పండు మిరపకాయల్లో నూటికి 75 పాళ్లు నీరే ఉందనుకోండి. 100 కిలోల కాయల్లో 25 కిలోలే అసలు సరుకు. తేమ 10 శాతానికి వచ్చేదాకా ఎండబెడితే మిగిలేది సుమారు 28 కిలోలు. తక్కిన 72 కిలోల నీరు ఎక్కడికి పోయింది? మంట పెట్టలేదు, మరిగించలేదు. అయినా ఆవిరై గాలిలో కలిసింది. నీరు ఆవిరి కావడానికి మరగనక్కర లేదు. వేడి, గాలి వీచడం, పలుచగా పరచడం - ఈ మూడూ ఉంటే త్వరగా అవుతుంది. చినగంజాం ఉప్పు కొటార్లలో జరిగేదీ ఇదే. సముద్రపు నీరు ఆవిరైపోతే లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు అడుగున మిగులుతాయి.

పోయిన నీరు తిరిగి కూడా వస్తుంది. రాత్రి చల్లబడగానే గాలిలోని ఆవిరి మంచుగా కాయల మీద పడుతుంది. అందుకే పెద్దలు సాయంత్రానికి కాయలు పోగు చేసి పట్టలు కప్పుతారు. ఆ పట్ట వెనుక ఉన్న శాస్త్రం మీ అబ్బాయిని చెప్పమనండి. తూకం పెరుగుతుందని నీళ్లు చల్లేవారున్నారు. తేమ మిగిలిన కాయకు బూజు పడుతుంది. కొన్ని బూజుల వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. వండినంత మాత్రాన అది పూర్తిగా పోదు. పత్తికీ ఈ లెక్క ఉంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ వారు సాధారణంగా మద్దతు ధరకు కొనరు. తేమ లెక్క తెలియని రైతు బిడ్డకు నష్టం మార్కుల్లోనే కాదు, ధరలో కూడా.

తల్లులకు ఒక మాట. తొడిమలు తీసి వచ్చిన చేతులు మండుతుంటే చన్నీళ్లు పోస్తారు, మంట తగ్గదు. ఆ మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు కొంచెం వంటనూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. నోటి మంటకు పాలు, మజ్జిగ పనిచేస్తాయి. కరగడం, కరగకపోవడం పదార్థానికి ఒక ధర్మం. పుస్తకంలో దీనినే ద్రావణీయత అంటారు.

ఇక ప్రాణానికి సంబంధించిన సంగతి. 14.2 కిలోల వంట గ్యాసు సిలిండరు ఊపి చూడండి, లోపల ద్రవం కదిలినట్లు తెలుస్తుంది. ఒత్తిడితో గ్యాసును ద్రవంగా మార్చి నింపారు. బయటికి వస్తే అది సుమారు 250 రెట్లు వ్యాపిస్తుంది. గాలికంటె బరువు కనుక నేల మీదనే పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు స్విచ్చి ముట్టుకోవద్దు, వేయనూ వద్దు, ఆర్పనూ వద్దు. అగ్గిపుల్ల గీయవద్దు. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరిచి బయటికి రండి.

మన వాళ్లు చాలామంది పనిచేసే కోల్డు స్టోరేజీల్లో అమ్మోనియా వాడతారు. మామూలు ఒత్తిడి దగ్గర అది సున్నాకు దిగువన 33 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే మరిగి ఆవిరవుతుంది, అలా అవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. దాని ధర్మమే మిరపకాయలను చల్లగా ఉంచుతున్నది. అదే లీకైతే కళ్లకు, ఊపిరితిత్తులకు ప్రమాదం. అమ్మోనియా నీటిలో బాగా కరుగుతుంది. కనుక తడిగుడ్డ ముక్కుకు, నోటికి అడ్డం పెట్టుకుని, గాలి వాటుకు అడ్డంగా త్వరగా దూరం పోవాలి. కళ్లలో పడితే ధారగా నీళ్లు పోసి కడుగుతూ, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఈ సంగతి బడిలో నేర్చుకున్న పిల్ల ఇంట్లో చెబితే, కూలికి పోయే తండ్రికి అది రక్షణ.

అందుచేత నా మనవి రెండే. తల్లిదండ్రులారా, రాత్రి అన్నం దగ్గర పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి. అన్నం గిన్నె మూత కింద నీటి బొట్లు ఎక్కడివి? తడి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడ్డాయి? జవాబు మీకు రాకపోయినా ఫరవాలేదు, అడిగేవారు ఉన్నారని పిల్లలకు తెలిస్తే చాలు. సంఘం వారు వేసవి సెలవుల్లో సాయంత్రం తరగతులు పెట్టి, సైన్సు మాటలను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ పక్కపక్కన గోడ మీద రాయించాలి. సున్నమూ రంగూ తప్ప దానికి ఖర్చేమీ లేదు. రాయడానికి నేను వస్తాను.

మన ఆడపిల్లలను కూడా ఆ గోడ ముందు కూర్చోబెట్టండి.