ఉప్పు పక్కనే ఉప్పెన



మధ్యాహ్నం భోజనాలై, వంటిల్లు సర్దుకున్నాక మనకో గంట తీరిక చిక్కుతుంది గదా! ఆ గంటలో నేను నిఘంటువు చదువుతానంటే మావాళ్ళంతా నవ్వుతారు. "అది వెతుక్కునే పుస్తకం గానీ, చదివే పుస్తకమేమిటమ్మా!" అంటాడు మా అబ్బాయి. నిజమే. కానీ నేను పదో తరగతితో చదువు ఆపి అత్తవారింటికి వచ్చినదాన్ని. ఏం వెతకాలో తెలిస్తేగా వెతకడానికి? అందుకే ఏ పేజీ తెరుచుకుంటే ఆ పేజీ చదువుతాను.

మొన్న 'ఉ' దగ్గర తెరుచుకుంది. ముందు 'ఉప్పిడి'. అంటే ఉప్పు లేని తిండి. ఆ కిందనే 'ఉప్పు'. అక్కడ ఆగి, అలమరలోంచి విజ్ఞాన సర్వస్వం కూడా దించాను. 1930 ఏప్రిల్ 6న దండిలో గాంధీగారు పిడికెడు ఉప్పు తీసి ఒక సామ్రాజ్యాన్నే ఎదిరించిన సంగతి మనకు తెలుసు. జీతాన్ని ఇంగ్లీషులో శాలరీ అంటారే, ఆ మాటకి మూలం లాటిన్‌లో ఉప్పుకున్న పేరేనట! ఉప్పు తిన్న విశ్వాసమని మనవాళ్ళూ అననే అన్నారు. ఎక్కడి రోము, ఎక్కడి మన వంటిల్లు!

తరువాత 'ఉప్పుడు బియ్యం'. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఎండబెట్టి మర ఆడిస్తారు. ఉడికేటప్పుడు తవుడులోని బి విటమిను కొంత గింజలోకి దిగుతుంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం కన్నా అందుకే అది మేలు.

నేను పైకి చదువుతూంటే, మా అత్తగారు పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆ తరువాతి మాట 'ఉప్పెన'. సముద్రం పొంగి నేలమీద పడడమని అర్థం చదివాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

మా అత్తగారి పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన వచ్చి వేలమంది పోయారు. వాళ్ళలో ఆవిడ చెల్లెలు ఒకరు. ఆ ఏడే కాపురానికి వచ్చేశారు గనుక ఆవిడ మిగిలారు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఇంట్లో ఉన్నానా, ఆ చెల్లెలి పేరు నేనెన్నడూ వినలేదు! ఆవేళ దీపాలు పెట్టేదాకా ఆవిడ చెబుతూనే ఉన్నారు. "నీళ్ళు తీశాక చూస్తే మా చేలనిండా ఉప్పే. ఆ రెండు మాటలూ పక్కపక్కన రాశారంటే, తెలిసినవాళ్ళే రాశారే అమ్మాయ్!" అన్నారు.

అక్షరక్రమం వల్ల అలా పడ్డాయని నేను చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

ఇప్పుడు ఫోనులో తెలుగు వికీపీడియా ఉంది. అది 2003లో మొదలైంది. అడిగినదానికి చప్పున జవాబిస్తుంది. పుస్తకమైతే, మనం అడగనిది కూడా పక్కన పెట్టి చూపిస్తుంది.

ఇంత వయసొచ్చాక మొదలుపెడితే ఎప్పటికి పూర్తవుతుంది అంటారా? కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకుని, మూడు సంపుటాలు వెలువరించి, 'అ' అక్షరం దాటకుండానే 1923లో కన్నుమూశారు. అంతటి పండితులకే పూర్తికాని పని, మనకు కాలేదని సిగ్గెందుకు? రోజుకో పేజీ చాలు. కాకపోతే పైకి చదవండి. పక్కన పెద్దవాళ్ళుంటే మరీ మంచిది.

ఆ పిల్ల పేరు 'ఉప్పెన' పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. పుస్తకంలో రాయకూడదంటారు గానీ, అది అక్కడే ఉండాలనిపించింది.

సెలవు.