ఒక మష్రూమ్ కోరల్‌ని రెండు చెయ్యడం ఎట్లా? బ్లేడు పట్టుకునే ముందు ఇది వినండి

పిట్టలవానిపాలెం నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. పోయిన వీడియో కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే: "అన్నా, ఒక మష్రూమ్ కోరల్‌ని కోస్తే ఎన్ని అవుతాయి?" ఒక తమ్ముడైతే ఇంకో అడుగు ముందుకేశాడు: "కొనడం ఎందుకన్నా, రామేశ్వరం వెళ్లినప్పుడు ఒక రాయి తెచ్చుకుంటే పోలా?" ముందు ఆ తమ్ముడికే సమాధానం చెప్తా.

తేవద్దు రా అబ్బాయ్. మష్రూమ్ కోరల్ అనే పేరు రెండు వేరే వేరే జీవులకి ఉంది. ఒకటి ఫంగియా. అది గట్టి సున్నపు అస్థిపంజరం ఉన్న రాతి పగడం. పుట్టగొడుగుని తిరగేస్తే కింద సన్నటి గీతలు ఉంటాయి కదా, అచ్చం అట్లా ఉంటుంది. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. పైగా రామేశ్వరం పక్కనున్న మన్నార్ సింధుశాఖలో 21 దీవులు మెరైన్ నేషనల్ పార్క్. అక్కడి రాయి మనది కాదు.

రెండోది కొరల్లిమార్ఫ్. డిస్కోసోమా, రోడాక్టిస్, రికార్డియా అని అమ్మేవి ఇవే. వీటికి అస్థిపంజరం ఉండదు. మెత్తగా, చిన్న గొడుగు విప్పినట్టు ఉంటాయి. ఇవ్వాళ మనం మాట్లాడేది వీటి గురించే. కొనేటప్పుడు ట్యాంకులో పెంచిన ముక్కేనా అని అడగండి, బిల్లు తీసుకోండి. దాని రాయి మీద జోవాంథిడ్స్ ఉన్నాయేమో కూడా చూడండి. కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అట్లాంటి రాయిని క్లీన్ చేద్దామని వేడినీళ్లలో ఉడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రిపాలైన వాళ్లు బయటి దేశాల్లో ఉన్నారు.

ఇప్పుడు నీళ్లు. "సూర్యలంక ఇక్కడే కదా, రెండు క్యాన్లు పట్టుకొస్తే సరిపోద్దిగా?" అంటారు. సరిపోదు. మనది కృష్ణమ్మ సముద్రంలో కలిసే తీరం. బురద ఎక్కువ, వరదలొస్తే ఉప్పు పడిపోద్ది. మన తీరాన పగడపు దిబ్బలు లేకపోవడానికి పెద్ద కారణాలు కూడా అవే. చినగంజాం ఉప్పు కలుపుకుందామా అంటే, అది కూరలోకి బ్రహ్మాండం, ట్యాంకులోకి కాదు. పగడానికి ఉప్పొక్కటే చాలదు, కాల్షియం, మెగ్నీషియం అన్నీ కావాలి. రీఫ్ సాల్ట్ అని విడిగా దొరుకుద్ది. ఆర్వో నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాములు కలిపితే ఉప్పు 35 పీపీటీ దగ్గరకొస్తుంది. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కావాలి. అదేంటో తెలియకపోతే నిజాంపట్నం వైపు రొయ్యల చెరువు ఉన్న ఎవర్నైనా అడగండి, చూపిస్తారు.

ఆ రొయ్యల రైతునే ఇంకో మాట అడగండి: ఎండాకాలం చెరువులో ఉప్పెందుకు పెరుగుద్ది? నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. మన ట్యాంకులోనూ అంతే. మే నెలలో చల్లదనం కోసం నీళ్ల మీదికి ఫ్యాన్ పెడతాం, మట్టం తగ్గుద్ది. అప్పుడు పొయ్యాల్సింది ఉత్త ఆర్వో నీళ్లు, ఉప్పు కలిపినవి కాదు. వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచండి. కరెంటు పోయినప్పుడు లైటు గురించి కంగారు పడొద్దు. ఒక పూట చీకటిగా ఉంటే వాటికేం కాదు. నీళ్లు కదలకపోతేనే ప్రమాదం, ఆక్సిజన్ పడిపోద్ది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

ట్యాంకులో ఎక్కడ పెట్టాలి? అడుగున, లైటు తక్కువ పడే చోట, నీళ్లు నెమ్మదిగా కదిలే చోట. దీని ఒంట్లో కంటికి కనపడని ఆల్గే ఉంటుంది, లైటు తీసుకుని దీనికి తిండి తయారు చేసి పెడుతుంది. అట్లా అని లైటు కిందికి తోస్తే ముడుచుకుని రంగు పోద్ది. మరీ చీకటైతే పైకి సాగుద్ది. దాని వాలకం చూసి మెల్లగా జరపండి. పక్కన వేరే పగడం ఉంటే ఖాళీ వదలండి, తగిలితే కుట్టి చంపుద్ది.

ఇంక కోత. మొదటిసారి నేనేం చేశానో దాచకుండా చెప్తా. కొన్న వారానికే కోశా. రెండు రోజుల్లో రెండు ముక్కలూ తెల్లటి జిగురైపోయాయి. నీళ్లు కంపు కొట్టాయి, అమ్మోనియా పెరిగి పక్కన బాగున్నది కూడా పోయింది. చంపింది బ్లేడు కాదండీ, నా తొందర.

అరటి తోట చూసినోళ్లకి ఇది ఈజీగా అర్థమవుద్ది. పిలక వేరు పట్టకముందే తల్లి నుంచి విడదీస్తే బతుకుద్దా? ఇదీ అంతే. అసలు కొయ్యకపోయినా పిల్లలు పెడుతుంది. రాయి మీద మెల్లగా జరుగుతూ పాదం ముక్కలు వెనక వదిలేస్తుంది, ఒక్కో ముక్కా ఒక మష్రూమ్ అవుతుంది. కొన్నిసార్లు నోరు రెండై, మనిషి చెయ్యి పడకుండానే చీలిపోద్ది. అందుకే కనీసం రెండు నెలలు ఆగండి. రోజూ లైటు వెయ్యగానే విప్పుకుంటోందా, పాదం గట్టిగా పట్టుకుందా, రెండు అంగుళాలన్నా పెరిగిందా చూడండి. మూడూ ఉంటేనే బ్లేడు.

గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. ట్యాంకులో కొయ్యొద్దు, ట్యాంకు నీళ్లు గిన్నెలోకి తీసుకుని అందులో కొయ్యండి. కొత్త బ్లేడు వాడండి. మధ్యలో చిన్న బుడిపె ఉంటుంది, అదే నోరు. నోటి మీదుగా ఒక్క వేటుకి సగానికి కొయ్యండి, రెండిటికీ నోరులో భాగం రావాలి. బోలెడంత జిగురొస్తుంది, ఇంకో గిన్నెలో కడగండి. జిగురు వల్ల గమ్ అస్సలు అంటుకోదు. చిన్న ప్లాస్టిక్ కప్పులో రాళ్ల ముక్కలు వేసి, దాని మీద పెట్టి, పైన దోమతెర ముక్క కప్పి రబ్బర్ బ్యాండ్ వెయ్యండి. నీళ్లు మెల్లగా కదిలే చోట ఉంచండి. వారం, రెండు వారాల్లో రాయిని పట్టుకుంటుంది. గుండ్రంగా అవ్వడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. రోజూ తెర ఎత్తి చూడకండి!

చివరిగా మొదటి ప్రశ్న: ఎన్ని అవుతాయి? లెక్క లేదు. భయం కూడా అక్కడే ఉంది. పసిఫిక్‌లో పల్మైరా అని ఒక పగడపు దీవి ఉంది. 1991లో చేపలవేట ఓడ ఒకటి అక్కడ దిబ్బకెక్కి పాడైపోయింది. తర్వాతి ఏళ్లలో ఆ శిథిలం చుట్టూ ఒక రకం కొరల్లిమార్ఫ్ విపరీతంగా పెరిగి, రాతి పగడాలని కప్పేసింది. ఓడ ఇనుము నీళ్లలో కరగడమే కారణమై ఉండొచ్చని శాస్త్రవేత్తలు అనుకున్నారు. చివరికి 2013-14లో ఆ శిథిలాన్ని అక్కణ్ణుంచి తీసేశారు.

కాబట్టి ఎక్కువైన మష్రూమ్‌ని కాలవలోనో సూర్యలంకలోనో వదలొద్దు. ట్యాంకు పెట్టుకున్న ఫ్రెండ్‌కి ఇవ్వండి. మీరిచ్చిన ఒక ముక్క వాడి ట్యాంకులో పెరిగితే, వాడు రామేశ్వరం రాయి గురించి అడగడు. నా దగ్గర ఇప్పుడున్న నాలుగిట్లో రెండు అట్లా ఇవ్వడానికే పెట్టా.

మీ మష్రూమ్ ముడుచుకుంటోందా, సాగుతోందా కామెంట్‌లో రాయండి. ఉప్పు ఎంతుందో, వేడి ఎంతుందో కూడా రాయండి, అప్పుడే నేనేదైనా చెప్పగలను. వీడియో నచ్చితే ట్యాంకు పెడదామనుకునే ఒక్కరికి షేర్ చెయ్యండి. ఉంటా మరి, నమస్తే.