గడియారస్తంభమును త్రిప్పవచ్చునా?

బ్యాంకు వడ్డీ, రైలు టిక్కెట్టు, విద్యుచ్ఛక్తి బిల్లు - వీని లెక్కలన్నియు నేడు కంప్యూటరు ప్రోగ్రాములే చేయుచున్నవి. లెక్క తప్పినచో నష్టపడువారము మనమే. కావున ఆ ప్రోగ్రాములను ముందుగా ఎట్లు పరీక్షింతురో గృహస్థులు సైతము కొంత యెరిగియుండుట మంచిది.

2012 ఫిబ్రవరి 29వ తేదీన మైక్రోసాఫ్టు వారి ఆజ్యూర్ సేవలకు పెద్ద అంతరాయము కలిగెను. కారణము మిక్కిలి చిన్నది. ఒక ధ్రువపత్రమునకు ఏడాది గడువు వేయుటకై ప్రోగ్రాము నాటి తేదీలో సంవత్సరపు అంకెకు ఒకటి కలిపెను. వచ్చినది 2013 ఫిబ్రవరి 29. అట్టి దినము ఏ పంచాంగమునను లేదు. ధ్రువపత్రము సిద్ధము కాలేదు. దానిపై నాధారపడిన పనులు నిలిచిపోయెను.

ఇట్టి తప్పును ముందే పట్టుటకు నాలుగేండ్లు వేచియుండ నక్కరలేదు. పరీక్షా సమయమున ప్రోగ్రామును "నేడు ఫిబ్రవరి 29" అని నమ్మింపగలిగిన చాలును. చిక్కంతయు ఆ నమ్మించుటయందే యున్నది.

జావా వంటి భాషలలో పనులను ఆబ్జెక్టులకు పంచి యిత్తురు. ఒక్కొక్క చిన్న భాగమును విడదీసి చూచు పరీక్షకు యూనిట్ టెస్టు అని పేరు. ఆ భాగమునకు తోడ్పడు ఇతర ఆబ్జెక్టుల స్థానమున, మనము నేర్పిన సమాధానమునే చెప్పు మారు ఆబ్జెక్టులను నిలుపుదురు. నాటకాభ్యాసమున హరిశ్చంద్రుడు రానినాడు మరియొకడు నిలిచి ఆ మాటలందించునట్లే యిదియు. వీనిని మాక్ ఆబ్జెక్టులందురు. 2000 సంవత్సరమున టిమ్ మెకిన్నన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ అను మువ్వురు ఒక పత్రమున ఈ పద్ధతిని వివరించిరి.

కాని స్టాటిక్ మెథడ్ అనునది వేరు. దానిని ఆబ్జెక్టు ద్వారా గాక, క్లాసు పేరుతోనే నేరుగా పిలుతురు. చేతిగడియారమును మీ కిచ్చువాడు ముల్లు త్రిప్పి యీయగలడు. ఊరి నడుమనున్న గడియారస్తంభమునో? ప్రతివాడును తలయెత్తి దానినే చూచును; ఒకరి పరీక్షకొరకు దానిని త్రిప్పుట కుదరదు. నేటి తేదీని చెప్పు స్టాటిక్ మెథడ్ అట్టి స్తంభమే.

అయినను త్రిప్పు సాధనములు వచ్చినవి. మొదట పవర్‌మాక్, పిదప 2020లో వెలువడిన మాకిటో 3.4.0 ఆ పని చేసెను. మాకిటో పరీక్ష నడచుచుండగా క్లాసు బైట్‌కోడ్‌నే మార్చి, ఆ థ్రెడ్డు వరకు మారు సమాధానము చెప్పించును. పని ముగియగనే ఆ మాక్‌ను మూయవలెను. మరచినచో అదే థ్రెడ్డున తరువాత నడచు పరీక్షలు కల్ల గడియారమును చూచును. సిస్టమ్ వంటి కొన్ని మూల క్లాసులను తాకుటకు మాకిటోయే నిరాకరించును. అదియును గాక, లోపల ఏ స్టాటిక్ మెథడ్‌ను పిలిచితిమో పరీక్షకు తెలిసియుండవలెను. రేపు అదే అర్థముగల వేరొక మెథడ్‌ను పిలిచినచో, ఫలితము సరియైనను పరీక్ష తప్పునని చెప్పును.

ఇంతకంటె సులువైన మార్గము కలదు. స్తంభమును చూడనీయక, గడియారమును చేతికిచ్చుట. 2014లో వచ్చిన జావా 8లో క్లాక్ అను క్లాసు ఇందులకు వీలు కల్పించినది. తేదీ కావలసిన భాగమునకు క్లాక్‌ను బయటినుండి అందింతురు. నిత్య వ్యవహారమున అది నిజమైన కాలమును చెప్పును. పరీక్షలో ఫిబ్రవరి 29న నిలిపిన క్లాక్‌ను ఇత్తురు. బైట్‌కోడ్‌ను మార్చు సాధనముతో అవసరమే యుండదు.

అట్లని స్టాటిక్ మెథడ్లన్నియు దోషములు కావు. రెండంకెలలో పెద్దదానిని తెలుపు మెథడ్ ఎన్నిమారులడిగినను ఒకే సమాధానమిచ్చును. దానికి మారు నిలుపుట వృథాశ్రమ. కాలము, ఫైలు, నెట్‌వర్కు, యాదృచ్ఛిక సంఖ్య - వీనిని ముట్టు మెథడ్లయందే జాగ్రత్త కావలెను.

మరి పాత ప్రోగ్రామున స్తంభమును చూచు చోట్లు వేలుగా నున్నచో? ఒక్కనాట అన్నియు మార్చుట సాహసము. మొదట సాధనముతో స్టాటిక్ మెథడ్‌కు మారు నిలిపి, నేటి ప్రవర్తనను పరీక్షలతో భద్రపరుపవలెను. ఆ రక్షణలో ఒక్కొక్క భాగమునకు చేతిగడియారము నీయవలెను. సాధనము వంతెన వంటిది. దాటుటకే గాని కాపురమునకు గాదు.

2028లో మరల ఫిబ్రవరి 29 వచ్చును. ఆ దినము రాకముందే పరీక్షలో దానిని చూచిన ప్రోగ్రామునకు అది సామాన్యమైన మంగళవారమే. మన లెక్కలు చూచు ప్రోగ్రాములన్నియు అట్టివి కావలెనని కోరుట అత్యాశ కాదు.